రేడియేటర్ శబ్దం చేస్తోందా? గాలి తీసేసి ఊరుకోకండి

బ్రిటన్‌లో అక్టోబర్ సగానికి వచ్చేసరికి ఇళ్ళలో హీటింగ్ ఆన్ చేయక తప్పదు. ఎండాకాలమంతా ఊరికే ఉన్న రేడియేటర్లు ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి. వాటితోపాటు శబ్దాలూ మొదలవుతాయి. ఒక ఇంట్లో గుడగుడ, ఇంకో ఇంట్లో టిక్కు టిక్కు, మరో ఇంట్లో అర్ధరాత్రి ఎవరో సుత్తితో కొడుతున్నట్టు దబదబ. ఆంధ్ర, తెలంగాణల నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకు ఇది మరీ టెన్షన్. మన ఊళ్ళలో ఇంటిని చల్లబరచుకునే తంటాలే తప్ప, గోడకు తగిలించిన ఇనప పలకలో వేడినీళ్ళు పారించి గది వెచ్చబరచుకునే అవసరం ఎప్పుడొచ్చింది? బాయిలర్ పేలుతుందేమోనన్న భయంతో హీటింగ్ కట్టేసి, దుప్పట్లు కప్పుకుని రాత్రంతా వణికిన విద్యార్థులు నాకు తెలుసు.

ఎవరినడిగినా వచ్చే సలహా ఒక్కటే: "గాలి చేరింది, బ్లీడ్ చేసెయ్." బ్లీడ్ అంటే రేడియేటర్‌లో చేరిన గాలిని బయటికి వదలడం. సలహా తప్పు కాదు. కానీ అది కొన్ని శబ్దాలకే మందు. మిగతావాటికి పనిచేయదు. అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకోటుంది. కొన్ని ఇళ్ళలో వారం వారం గాలి తీస్తూ పోతే అసలు జబ్బు ముదురుతుంది. శబ్దం రేడియేటర్‌లో వినిపిస్తుంది కానీ, కారణం చాలాసార్లు బాయిలర్ దగ్గరో, నేల పలకల కిందో, నీళ్ళలోనో ఉంటుంది. అందుకే గాలి తీసే కీ చేతిలోకి తీసుకునే ముందు ఈ ఏర్పాటు ఎలా నడుస్తుందో కాస్త తెలుసుకోవాలి.

లోపల తిరిగేది పాత నీరే

బాయిలర్‌లో గ్యాస్ మండి నీటిని వేడిచేస్తుంది. పంపు ఆ నీటిని పైపుల్లోకి నెడుతుంది. ప్రతి రేడియేటర్‌కూ రెండు చివర్లా రెండు వాల్వులుంటాయి. ఒకదాంట్లోంచి వేడినీరు లోపలికి వస్తుంది, గదికి వేడినిచ్చి కొంచెం చల్లబడి రెండోదాంట్లోంచి బయటికి పోతుంది, తిరిగి బాయిలర్ చేరుతుంది. తల మీద 1 నుంచి 5 వరకూ అంకెలున్నది థర్మోస్టాటిక్ వాల్వు. ఇక్కడ అందరూ టీఆర్‌వీ అంటారు. గది వేడెక్కేకొద్దీ అదే నీటి దారిని మూసేస్తుంది. రెండో వైపు ప్లాస్టిక్ టోపీ కింద ఉండేది లాక్‌షీల్డ్ వాల్వు. ఆ రేడియేటర్‌కు ఎంత నీరు వెళ్ళాలో ఇంజనీరు ఒకసారి సరిచేసి వదిలేసేది ఇదే. ఇక పైన ఒక మూల, చిన్న చదరపు పిన్ను ఉన్నది బ్లీడ్ వాల్వు. కీతో తిప్పి గాలి తీసేది దీన్నే.

ఈ నీటికీ మన స్నానానికి వచ్చే నీటికీ సంబంధం లేదు. ఒకసారి నింపిన నీరే ఏళ్ళ తరబడి లోపల తిరుగుతుంది, తిరగాలి కూడా. ఈ మాట గుర్తుంచుకోండి, చాలా శబ్దాల గుట్టు ఇందులోనే ఉంది.

ఇప్పుడు ఎక్కువ ఇళ్ళలో ఉండేవి కాంబి బాయిలర్లు, అంటే రేడియేటర్ల నీటినీ కుళాయి వేడినీళ్ళనూ ఒకే పెట్టెలో వేడిచేసేవి. వీటిలో నీరు పూర్తిగా మూసిన గొట్టాల్లో, ఒత్తిడితో తిరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాయిలర్ మీద ఒత్తిడి చూపే గేజి 1 నుంచి 1.5 బార్ (ఒత్తిడి కొలత) మధ్య చూపించాలి. వేడెక్కాక 2 దాకా పోవడం మామూలే. 3 బార్ చేరితే సేఫ్టీ వాల్వు తెరుచుకుని, ఇంటి బయటి గోడకు ఉన్న సన్నటి రాగి పైపులోంచి నీరు కారిపోతుంది. పాత ఇళ్ళలో ఇంకో పద్ధతి కనిపిస్తుంది. అటక మీద చిన్న ట్యాంకు ఉంటుంది, తగ్గిన నీరు దాంట్లోంచి తనంతట తానే నిండుతుంది. అక్కడ గేజితో పని లేదు. మీ ఇంట్లో ఏ పద్ధతి ఉందో ముందే చూసుకోండి.

ఎప్పుడు, ఎక్కడ, ఎలా

శబ్దం ఎలా ఉందన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు వస్తోందన్నది అంతకన్నా ముఖ్యం. హీటింగ్ మొదలైన పది నిమిషాల్లో వచ్చి, ఆ తర్వాత ఆగి, హీటింగ్ కట్టేశాక మళ్ళీ వస్తే అది లోహం సాగడం, ముడుచుకోవడం. హీటింగ్ నడిచినంతసేపూ ఆగకుండా వస్తే నీటి వేగమో, గాలో. గది బాగా వేడెక్కాకే మొదలైతే చూపు టీఆర్‌వీ మీద పెట్టాలి. హీటింగ్ ఆఫ్‌లో ఉండగా, వాషింగ్ మెషీన్ నీరు తీసుకుని ఆపినప్పుడు పైపులో ధన్ మంటే దానికి రేడియేటర్‌తో పనే లేదు. అది కుళాయి నీటి పైపు శబ్దం. ఎక్కడో తెలుసుకోవడానికి పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను పైపుకు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే చాలు. రాగి పైపు శబ్దాన్ని చాలా దూరం మోస్తుంది కాబట్టి, వంటింట్లో పుట్టిన శబ్దం పై అంతస్తు పడకగదిలో వినిపించడం సాధారణం.

చేత్తో తాకి కూడా చాలా తెలుసుకోవచ్చు. రేడియేటర్ కింద వేడిగా ఉండి పైన చల్లగా ఉంటే పైభాగంలో గాలి నిలిచింది. పైన వేడిగా ఉండి అడుగున మధ్యలో చల్లగా ఉంటే బురద పేరుకుంది. ఈ రెండూ తారుమారు చేసుకుని, బురద ఉన్న రేడియేటర్‌కు గాలి తీస్తూ కూర్చునేవాళ్ళు చాలామంది.

గుడగుడ: గాలి అనుకున్నది గాలి కాకపోవచ్చు

నీరు పారే దారిలో గ్యాసు బుడగలు చేరితే గుడగుడమంటుంది. చల్లటి నీటిలో గాలి ఎక్కువగా కరిగి ఉంటుంది, వేడి చేస్తే విడిపోతుంది. కొత్తగా నీరు నింపినా, ఒక రేడియేటర్ మార్చినా తర్వాత కొన్నాళ్ళు గుడగుడ రావడం సహజం. ఆ గాలి ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడికి చేరుతుంది. అందుకే పై అంతస్తు బాత్రూంలో తువ్వాళ్ళు ఆరేసుకునే నిచ్చెన లాంటి రేడియేటరే తరచుగా ముందు మొరాయిస్తుంది.

గాలి తీయడం కష్టమేమీ కాదు. హీటింగ్ ఆపి, రేడియేటర్లు చల్లబడనివ్వండి. పంపు నడుస్తుండగా తెరిస్తే ఒక్కోసారి బయటి గాలినే లోపలికి పీల్చుకుంటుంది, పైగా నీరు చేతిని కాలుస్తుంది. కింది అంతస్తు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళండి. కింద ఒక పాత గుడ్డ పట్టుకుని, కీని అపసవ్య దిశలో పావు చుట్టు, మహా అయితే అర చుట్టు తిప్పండి. స్స్ మని గ్యాసు పోతుంది. బుడగల్లేకుండా నీరు రాగానే బిగించెయ్యాలి. స్క్రూ మొత్తం విప్పితే ఊడి చేతిలోకి వస్తుంది, నల్లటి నీరు కార్పెట్ మీద చిమ్ముతుంది. ఆ మరక పోదు, అద్దె ఇల్లయితే డిపాజిట్‌లో కోత ఖాయం. దగ్గర్లో కొవ్వొత్తి, అగరొత్తి, సిగరెట్ లాంటివేవీ వెలుగుతూ ఉండకూడదు. ఎందుకో ఇప్పుడే చెప్తాను.

గాలి పోయాక గేజి చూడండి. 1 కన్నా తగ్గితే బాయిలర్ కింద ఉండే ఫిల్లింగ్ లూప్ తెరిచి నీరు ఎక్కించాలి. ఇది కుళాయి నీటి పైపునూ హీటింగ్ పైపునూ కలిపే గొట్టం. చాలా ఇళ్ళలో వెండి రంగు అల్లికతో వంగే గొట్టంలా కనిపిస్తుంది. 1.2, 1.3 రాగానే రెండు చివర్లా ఉన్న ట్యాపులను గట్టిగా కట్టేయండి.

ఒకసారి చేస్తే, ఆ చలికాలమంతా ఇబ్బంది లేకపోతే కథ అయిపోయింది. "అన్నా, పోయిన వారమే గాలి తీశాను, మళ్ళీ గుడగుడ" అన్నప్పుడే అసలు కథ మొదలవుతుంది.

మూసి ఉన్న గొట్టాల్లోకి వారం వారం కొత్త గాలి ఎక్కడి నుంచి వస్తుంది? చాలాసార్లు అది బయటి నుంచి రాదు, లోపలే పుడుతుంది. బ్రిటన్‌లో రేడియేటర్లు ఎక్కువగా పలుచటి ఉక్కు రేకుతో చేసినవి. ఉక్కు, నీరు, ఆక్సిజన్ కలిస్తే ఎర్రటి తుప్పు పడుతుంది. ఉన్న కాస్త ఆక్సిజన్ అయిపోయాక ఇనుము నేరుగా నీటితోనే చర్య జరిపి మాగ్నటైట్ అనే నల్లటి పొడిగా మారుతుంది. ఆ చర్యలో హైడ్రోజన్ వాయువు విడుదలవుతుంది. రేడియేటర్ పైన చేరి గుడగుడలాడించేది చాలాసార్లు ఈ హైడ్రోజనే. అది మండే వాయువు, అందుకే దగ్గర్లో నిప్పు వద్దన్నాను. నల్లటి పొడి బరువుగా ఉంటుంది కాబట్టి అడుగున బురదలా పేరుకుంటుంది. బ్లీడ్ చేసినప్పుడు వచ్చిన నీటిని తెల్లటి గిన్నెలో పట్టి చూడండి. నల్లగా ఉండి, అడుగున అయస్కాంతం తిప్పితే పొడి దాని వెంట కదిలితే అది మాగ్నటైట్. ఎర్రగా, గోధుమరంగులో ఉంటే మరీ ప్రమాదం, ఎక్కడి నుంచో కొత్త ఆక్సిజన్ లోపలికి వస్తోందని అర్థం.

ఇప్పుడు గాలి తీసిన ప్రతిసారీ ఏం జరుగుతోందో చూడండి. ఒత్తిడి తగ్గుతుంది. మనం కొత్త నీరు ఎక్కిస్తాం. కొత్త నీటితో కొత్త ఆక్సిజన్ వెళుతుంది, అది ఇనుమును ఇంకొంచెం తినేస్తుంది. తుప్పు పట్టకుండా కాపాడడానికి మొదట్లో పోసిన ఇన్‌హిబిటర్ అనే రసాయనం ప్రతిసారీ మరికాస్త పలచబడుతుంది. మళ్ళీ హైడ్రోజన్, మళ్ళీ గుడగుడ, మళ్ళీ బ్లీడ్. శబ్దం ఆ రోజుకు ఆగుతుంది, రేడియేటర్ మాత్రం లోపలి నుంచి అరిగిపోతూనే ఉంటుంది. కొన్నేళ్ళకు ఒక రోజు అడుగున సూదిమొనంత రంధ్రం పడి కార్పెట్ తడుస్తుంది.

కాబట్టి రెండోసారి, మూడోసారి గాలి తీయాల్సి వచ్చినప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న వేరు. ఒత్తిడి ఎందుకు పడిపోతోంది? పెద్ద కారణాలు రెండు. ఎక్కడో నీరు కారుతూ ఉండొచ్చు. వాల్వు మొదట్లో ఆకుపచ్చటి పొక్కు, తెల్లటి ఉప్పు చార, పైకప్పు మీద లేత గోధుమ మరక దాని ఆనవాళ్ళు. రెండోది బాయిలర్ లోపల ఉండే ఎక్స్‌పాన్షన్ వెస్సెల్ పాడవడం. దీని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అద్దె ఇళ్ళలో గుట్టుగా నడిచే జబ్బు ఇదే.

నీటిని 10 డిగ్రీల నుంచి 80 డిగ్రీలకు వేడి చేస్తే దాదాపు 3 శాతం వ్యాకోచిస్తుంది. ఇంట్లో మొత్తం 100 లీటర్ల నీరుంటే దాదాపు 3 లీటర్లు అదనంగా చోటు కావాలి. ఆ చోటే ఎక్స్‌పాన్షన్ వెస్సెల్. గుండ్రటి డబ్బా, మధ్యలో రబ్బరు పొర, ఒక వైపు గాలి, రెండో వైపు నీరు. గాలి దిగిపోయినా, పొర చిరిగినా పెరిగిన నీటికి చోటుండదు. హీటింగ్ నడుస్తుండగా గేజి 3 దాకా ఎగబాకుతుంది, సేఫ్టీ వాల్వు తెరుచుకుని నీరు బయటికి పోతుంది. తెల్లారేసరికి చల్లబడ్డాక గేజి సున్నా దగ్గర ఉంటుంది. ఇంట్లోవాళ్ళు మళ్ళీ నీరు ఎక్కిస్తారు. రాత్రి ఎక్కువ, పొద్దున తక్కువ: ఈ తీరు కనిపిస్తే రేడియేటర్‌ను వదిలేసి బాయిలర్ మనిషిని పిలవండి. వెస్సెల్‌లో గాలి నింపితే కొన్నిసార్లు సరిపోతుంది, పొర చిరిగితే మార్చాల్సిందే.

మూలం సరిచేశాకే నీటిని శుభ్రం చేయించాలి. బురద తక్కువైతే క్లీనర్ రసాయనం పోసి కొన్నాళ్ళు తిప్పి, ఖాళీ చేసి, కొత్త నీరూ ఇన్‌హిబిటరూ నింపుతారు. ఎక్కువైతే యంత్రం పెట్టి నీటిని జోరుగా పారించి కడుగుతారు, దాన్ని పవర్ ఫ్లష్ అంటారు. బాయిలర్‌కు తిరిగొచ్చే పైపు మీద అయస్కాంతమున్న ఫిల్టర్ బిగిస్తే నల్లటి పొడి పంపులోకి పోకముందే చిక్కుతుంది. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 7593 ఇవన్నీ చేయమంటుంది, ఏటా సర్వీసులో నీటిని పరీక్షించమని కూడా అంటుంది. నా అభిప్రాయంలో ఫిల్టర్, ఇన్‌హిబిటర్‌ల మీద పెట్టిన ఖర్చు ఇంకే ఖర్చుకన్నా ముందు పెట్టాల్సింది.

టిక్కు టిక్కు, చిటపట

ఇది వినడానికి చిరాకు కానీ ప్రమాదం లేదు. రాగి పైపు ఒక మీటరు పొడవుకు, ఒక డిగ్రీ వేడికి 0.017 మి.మీ. చొప్పున సాగుతుంది. 5 మీటర్ల పైపు 15 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు వేడెక్కితే 4 మి.మీ. పైనే పొడవు పెరుగుతుంది. ప్లాస్టిక్ పైపయితే ఇంకా ఎన్నో రెట్లు. బ్రిటన్ ఇళ్ళలో పై అంతస్తు నేల చెక్క పలకలతో ఉంటుంది, పైపులు ఆ పలకల కింది దూలాల్లో కోసిన గాళ్ళలోంచి పోతాయి. గాడి బిగుతుగా ఉంటే పైపు సాఫీగా జరగలేదు. చెక్కను పట్టుకుని ఆగుతుంది, బలం పెరిగాక ఒక్క ఉదుటున జారుతుంది. ఆ జారుడే టిక్కు. పడకగదిలో రాత్రి హీటింగ్ ఆగాక అరగంటసేపు వినిపించేది ఇదే, ఈసారి పైపు ముడుచుకుంటూ.

రేడియేటర్ కూడా సాగుతుంది. గోడకున్న ఇనప బ్రాకెట్ మీద ఇనప రేడియేటర్ నేరుగా కూర్చుంటే రెండూ రాసుకుని చప్పుడు. మధ్యలో ఉండాల్సిన చిన్న ప్లాస్టిక్ ముక్కలు చాలాసార్లు పెయింటు వేసేటప్పుడు పోతాయి. అవి చవక, రేడియేటర్‌ను కాస్త పైకెత్తి పెట్టేయొచ్చు. పైపు నేలలోకి దిగే చోట చెక్కకు ఆనుకుని ఉంటే మధ్యలో పలుచటి ఫెల్ట్ గానీ, పాల డబ్బా ప్లాస్టిక్ ముక్క గానీ దూర్చినా పని జరుగుతుంది. పలకల కింద అయితే పలక లేపి గాడి వెడల్పు చేయాలి, అది సొంత ఇల్లున్నవాళ్ళ పని.

పైసా ఖర్చు లేకుండా అందరూ చేయగలిగేది ఇంకోటుంది. బాయిలర్ నీటి వేడిని తగ్గించండి. చాలా ఇళ్ళలో అది 75, 80 డిగ్రీల మీద ఉంటుంది. కాంబి బాయిలర్‌లో రేడియేటర్ బొమ్మ ఉన్న బటన్‌తో 60కి దించితే పైపు తక్కువ సాగుతుంది, నెమ్మదిగా సాగుతుంది, టిక్కులు తగ్గుతాయి. గ్యాసు కూడా ఆదా అవుతుంది, ఎందుకంటే తిరిగొచ్చే నీరు దాదాపు 55 డిగ్రీల కన్నా తక్కువ ఉన్నప్పుడే కండెన్సింగ్ బాయిలర్ పొగలోని ఆవిరిని చల్లబరచి ఆ వేడిని కూడా వాడుకోగలదు. ఇల్లు వేడెక్కడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. ఇంగ్లండ్‌లో 2022 జూన్ నుంచి కొత్తగా వేసే హీటింగ్‌ను 55 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ నీటితో నడిచేలా రూపొందించమని భవన నిబంధనలే చెబుతున్నాయి. ఒక్క జాగ్రత్త: మీ ఇంట్లో వేడినీళ్ళు నిల్వ ఉంచే పెద్ద సిలిండర్ ఉంటే మాత్రం దించకండి. లీజియొనెల్లా బ్యాక్టీరియా పెరగకుండా ఆ నీరు 60 డిగ్రీలకు చేరాలి.

దబదబ, గుయ్యిమనే మోత

గది వెచ్చబడ్డాక రేడియేటర్ దగ్గర డ్రిల్లింగ్ లాంటి వేగమైన మోత వస్తే, టీఆర్‌వీని పూర్తిగా 5 మీదకు తిప్పండి. వెంటనే ఆగిపోయిందా? దొరికింది దొంగ. వాల్వు తిరగబడి ఉంది.

పాత టీఆర్‌వీలు నీరు లోపలికి వచ్చే వైపే ఉండాలి. అలా ఉంటే నీరు లోపలి మూతను తెరిచే దిశలో నెడుతుంది. బయటికి పోయే వైపు బిగిస్తే నీరు దాన్ని మూసే దిశలో నెడుతుంది. దాదాపు మూసుకున్న స్థితిలో నీటి తోపుకు మూత ఠక్కున పడుతుంది, స్ప్రింగ్ దాన్ని లేపుతుంది, మళ్ళీ పడుతుంది, సెకనులో చాలాసార్లు. ఖాయం చేసుకోవడానికి చల్లగా ఉన్నప్పుడు హీటింగ్ ఆన్ చేసి రెండు పైపులనూ పట్టుకోండి. ముందు వేడెక్కింది లోపలికి వచ్చే పైపు. టీఆర్‌వీ రెండో వైపు ఉంటే, దాని ఒంటి మీద ఒకే దిశలో బాణం గుర్తు ఉంటే అనుమానం తీరినట్టే. రెండు దిశలకూ పనికొచ్చే కొత్త వాల్వు వేస్తే సమస్య పోతుంది. అప్పటిదాకా ఆ రేడియేటర్‌ను పూర్తిగా తెరిచి ఉంచండి.

ఒక్కసారే దబ్ మని, హీటింగ్ ఆన్ లేదా ఆఫ్ అయ్యే క్షణంలో వినిపిస్తే అది ఇంట్లో ఒక్కో భాగానికి నీటిని వదిలే, మోటారుతో తెరుచుకునే జోన్ వాల్వు కావొచ్చు. కాంబిలో వేడినీళ్ళ కుళాయి తిప్పిన క్షణంలో వస్తే, వేడిని రేడియేటర్ల నుంచి కుళాయి నీటి వైపు మళ్ళించే డైవర్టర్ వాల్వు. మెల్లగా వస్తే పట్టించుకోనక్కర్లేదు.

న్యూయార్క్, బోస్టన్, షికాగోల్లో వందేళ్ళు దాటిన భవనాల్లో ఉండే మనవాళ్ళకు దబదబ వేరే కథ. అక్కడ చాలా చోట్ల రేడియేటర్లో తిరిగేది నీరు కాదు, ఆవిరి. ఒకే పైపులోంచి ఆవిరి పైకి వస్తుంది, చల్లబడి నీరై అదే పైపులోంచి కిందికి దిగాలి. రేడియేటర్ వాల్వు వైపు కొంచెం వాలి ఉండాలి. నేల కుంగి వాలు పోతే నీరు లోపలే నిలుస్తుంది. వేగంగా వచ్చే ఆవిరి ఆ నీటిని ముద్దగా ఎత్తి పైపు మలుపుకు విసిరి కొడుతుంది. మంచం మీంచి లేపేంత చప్పుడు అదే. వాల్వుకు దూరంగా ఉన్న కాళ్ళ కింద చిన్న చెక్క ముక్కలు పెట్టి వాలు తెస్తే చాలాసార్లు ఆగిపోతుంది. వాల్వును సగమే తెరిచి ఉంచినా నీరు దిగక ఇదే చప్పుడు వస్తుంది. ఒక పైపు ఆవిరి రేడియేటర్ వాల్వు పూర్తిగా తెరిచి ఉండాలి, లేదా పూర్తిగా మూసి ఉండాలి. పక్కన బుల్లెట్ ఆకారంలో ఉండే గాలి వెంట్ మొదట్లో బుస్సుమనడం మామూలే. రేడియేటర్ వేడెక్కాక కూడా ఆవిరి, నీరు కక్కుతుంటే దాన్ని మార్చాలి. దీనికి బ్లీడ్ కీతో పనే లేదు, ఆవిరి ఉన్నప్పుడు ఏ భాగమూ విప్పకండి.

బుస్సు, ఈల

సన్నటి దారిలోంచి నీరు వేగంగా పోతే బుస్సుమంటుంది, ఇంకా వేగమైతే ఈల వేస్తుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. 1 కిలోవాట్ వేడినిచ్చే రేడియేటర్‌లో నీరు లోపలికొచ్చి బయటికి పోయేలోపు 20 డిగ్రీలు చల్లబడితే, దానికి నిమిషానికి దాదాపు 0.7 లీటర్ల నీరు చాలు. 11 డిగ్రీలే చల్లబడితే 1.3 లీటర్లు. అంటే ఒక మామూలు గది రేడియేటర్‌కు కావాల్సింది నిమిషానికి మూడు గ్లాసుల నుంచి ఐదారు గ్లాసుల నీరు మాత్రమే. అయినా చాలా ఇళ్ళలో పంపు గరిష్ఠ వేగం మీద ఉంటుంది. దూరపు గది వేడెక్కడం లేదని ఎవరో వేగం పెంచి ఉంటారు. పంపు విడిగా, మూడు స్పీడుల స్విచ్‌తో ఉంటే ఒక మెట్టు తగ్గించి చూడండి. చాలాసార్లు శబ్దం అక్కడితో తగ్గుతుంది.

దూరపు గదికి వేడి అందాలంటే వేగం కాదు, పంపకం సరిచేయాలి. దాన్నే బ్యాలెన్సింగ్ అంటారు. ఓపిక ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. టీఆర్‌వీలు, లాక్‌షీల్డులు అన్నీ పూర్తిగా తెరిచి, చల్లటి ఇంట్లో హీటింగ్ మొదలుపెట్టి ఏ రేడియేటర్ ముందు వేడెక్కుతోందో వరుసగా రాసుకోండి. ముందు వేడెక్కేవాటి లాక్‌షీల్డును దాదాపు మూసేసి పావు చుట్టు తెరవండి. తర్వాతవాటిని ఇంకాస్త ఎక్కువ, చివరిదాన్ని పూర్తిగా. పైపుకు తగిలించే థర్మామీటర్లు రెండు ఉంటే లోపలికొచ్చే, బయటికిపోయే నీటి తేడా చూసుకుంటూ సరిచేయొచ్చు. కండెన్సింగ్ బాయిలర్‌కు 20 డిగ్రీల తేడా మంచిది. తిప్పేముందు అసలు ఎన్ని చుట్లు తెరిచి ఉందో కాగితం మీద రాసుకోవడం మాత్రం మరవొద్దు.

అన్ని గదులూ వేడెక్కి, టీఆర్‌వీలు ఒక్కొక్కటే మూసుకున్నాక, చివరగా తెరిచి ఉన్న ఒకటి రెండు రేడియేటర్లలో ఈల వస్తే కారణం వేరు. పంపు తోపంతా ఆ సన్నటి దారుల మీదే పడుతోంది. ఆ ఒత్తిడిని మళ్ళించడానికి ఆటోమేటిక్ బైపాస్ వాల్వు ఉంటుంది. అది లేకపోయినా, సరిగ్గా సెట్ చేయకపోయినా ఈ గోల తప్పదు.

బాయిలర్ కుతకుత

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నట్టు గరగరమని శబ్దం వచ్చి, అది రేడియేటర్ల దాకా పాకితే దాన్ని కెట్లింగ్ అంటారు. బాయిలర్‌లో నీటిని వేడిచేసే సన్నటి దారుల్లో సున్నం పొర గానీ, నల్లటి బురద గానీ పేరుకుంటే నీరు అక్కడక్కడ మరిగి ఆవిరి బుడగలు పగులుతాయి. అనంతపురంలో బోరు నీళ్ళ గీజర్ విప్పి కాయిల్ మీది తెల్లటి పెచ్చులు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. లండన్, రీడింగ్, కెంట్ ప్రాంతాల నీటిలో సున్నం ఎక్కువ. మాంచెస్టర్, గ్లాస్గోలలో తక్కువ. హీటింగ్ గొట్టాల్లోకి సున్నం వచ్చేదీ మనం ఎక్కించే కొత్త నీటితోనే. వారం వారం నీరు ఎక్కించే అలవాటు ఇక్కడ కూడా దెబ్బతీస్తుంది. స్నానపు నీళ్ళు వాడేటప్పుడు మాత్రమే ఈ శబ్దం వస్తే, కుళాయి నీటిని వేడిచేసే ప్లేటు హీట్ ఎక్స్ఛేంజర్‌లో సున్నం చేరిందన్నమాట.

మీరు ముట్టుకోకూడనిది

గాలి తీయడం, నీరు ఎక్కించడం, బ్రాకెట్ సర్దడం, లాక్‌షీల్డ్ తిప్పడం ఎవరైనా చేయొచ్చు. బాయిలర్ మూత విప్పి గ్యాసు భాగాలను ముట్టుకోవడం మాత్రం గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజనీరు పని. 2009 ఏప్రిల్‌లో కోర్గి అనే పాత రిజిస్టర్ స్థానంలో వచ్చిన ఈ రిజిస్టర్‌లో పేరు లేనివాళ్ళు గ్యాసు పని చేయడం చట్టవిరుద్ధం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తెలిసినవాళ్ళ అబ్బాయి తక్కువకు చేస్తాడని బాయిలర్ విప్పనివ్వకండి. వచ్చినవాళ్ళను ఫొటో ఉన్న కార్డు చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

అద్దెకున్నవాళ్ళు ఇంకో మాట తెలుసుకోవాలి. ఇంగ్లండ్‌లో హీటింగ్, వేడినీళ్ళ ఏర్పాట్లను బాగుచేసి ఉంచే బాధ్యత 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం ఇంటి యజమానిది. ఏడాదికోసారి గ్యాసు భద్రత తనిఖీ కూడా ఆయనే చేయించాలి. గేజి పడిపోతోందని తెలిసీ నెలల తరబడి మీరే నీరు ఎక్కిస్తూ ఊరుకుంటే ఆయనకు విషయమే తెలియదు. ఫోనులో చెప్పి ఊరుకోకుండా ఈమెయిల్ రాయండి. అందులో శబ్దం ఎప్పుడు వస్తోంది, ఏ గదిలో, పొద్దున గేజి ఎంత, రాత్రి ఎంత అన్నవి తేదీలతో ఉండాలి. గేజి ఫొటోలు, శబ్దం రికార్డు చేసిన వీడియో జతచేయండి. ఇంజనీరు వచ్చే సమయానికి శబ్దం మాయమవడం మామూలే కాబట్టి ఆ వీడియో చాలా విలువైనది.

వచ్చిన ఇంజనీరు గాలి తీసేసి వెళ్ళిపోబోతే ఆపి మూడు అడగండి: ఎక్స్‌పాన్షన్ వెస్సెల్‌లో ఒత్తిడి చూశారా, నీటిలో ఇన్‌హిబిటర్ ఉందో లేదో పరీక్షించారా, ఫిల్టర్ విప్పి చూశారా. కొత్తగా ఇన్‌హిబిటర్ పోస్తే, ఏ రకం, ఏ తేదీన పోశారో రాసిన స్టిక్కర్‌ను బాయిలర్ పక్కన అతికించి వెళ్ళమనండి. వచ్చే ఏడాది సర్వీసుకు వచ్చే మనిషి ముందు వెతికేది దాన్నే.